శౌరమ్మ కూతురి కన్ను

మా పేటవాళ్ళు ఆదివారం ఏసు గుడి మానరు. గ్రహణమొస్తే పంచాంగమూ మానరు. కడుపుతో ఉన్న శౌరమ్మ గ్రహణం పూట ఇంట్లో పడుకోకుండా చేలో కలుపుకి పోయిందట. పుట్టిన ఎలిజబెత్‌కి ఎడమ నుదుటి మీదా, రెప్ప మీదా ఎర్రటి మచ్చ. అంతే, పాపమంతా తల్లిదే అయింది.

ఆడబిడ్డ ఆదెమ్మ వైద్యానికి దిగింది. పొద్దున్నే నోరు కడక్కుండా వచ్చి, పాచి ఉమ్మి వేలితో తీసి పసిదాని మచ్చకి పూసేది. రాత్రి అడ్డపొగ చుట్ట పీల్చిన నోరది! శౌరమ్మకి రోతే, కానీ మొగుడు లాజరుకి అక్క మాట సువార్తతో సమానం.

పిల్ల ఎడమ కన్ను రానురాను పెద్దదైంది. “చారెడు కన్ను, అదృష్టవంతురాలు” అని మురిశారు. ఎండలోకి తెస్తే నీళ్ళు కార్చుకుంటూ తల్లి కొంగులో మొహం దాచుకునేది. “మచ్చకి సిగ్గుపడుతోంది” అని నవ్వారు. మూడేళ్ళ పిల్లకి సిగ్గట!

డెబ్బై ఆరు వేసవిలో ఒక ఉదయం శౌరమ్మ నీళ్ళు పోస్తుంటే సున్నిపిండి పిల్ల కుడికంట్లో పడింది. ఆ కన్ను మూసుకుని ఎలిజబెత్, “చీకటి పడిందేంటమ్మా?” అంది. ఎడమ కన్ను తెరిచే ఉంది.

శౌరమ్మ మొగుణ్ణి అడగలేదు. తడితలతోనే పిల్లనెత్తుకుని బస్సెక్కి పట్నంలో గవర్నర్‌పేట కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

“ఈ మచ్చ రక్తనాళాలదమ్మా. అలాంటివే కంటి లోపలా అల్లుకున్నాయి. లోపలి నీరు బయటికి పోక ఒత్తిడి పెరిగి కన్ను ఉబ్బింది. నీటికాసులు అంటారు. వెలుతురు చూస్తే బాధ, అందుకే మొహం దాచుకునేది. నరం చచ్చిపోయింది, ఈ కంటికిక చూపు రాదు. ముందే తెస్తే మిగిలేదేమో” అన్నాడాయన.

సాయంత్రం శౌరమ్మ ఇంటికొచ్చి ఏడుస్తూ అంతా చెప్పింది. అరుగు మీద ఆదెమ్మ చుట్ట తీసి, “కన్ను సంగతి సరేనే, మచ్చకేం మందిచ్చాడు?” అంది.

“ఇంకోసారి నా బిడ్డ మొహం మీద చెయ్యేస్తే ఆ చెయ్యి నరుకుతానొదినా” అంది శౌరమ్మ.

“పెద్దదాన్ని పట్టుకుని అవేం మాటలే?” అని లాజరు లేచాడు.

వారం రోజులు పేటంతా శౌరమ్మ నోటి దురుసుతనమే చెప్పుకుంది. పిల్ల కన్నేమైందని ఒక్కళ్ళూ అడగలేదు.