మడి కట్టుకున్న ఊసరవెల్లి

నా చిన్నప్పుడు శనివారం వస్తోందంటేనే నాకు ఒళ్లు మండేది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, నవ్వుకుంటూ తలుచుకునే జ్ఞాపకం కాదిది.

అప్పట్లో మేము న్యూజెర్సీలో, ఐసెలిన్‌కు పది నిమిషాల దూరంలో ఉండేవాళ్లం. మా నాన్న ఇంజనీరు. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పట్టుమని పదిహేను కూడా ఉండేవి కావు. అందుకని ప్రతి శనివారం ఎవరో ఒకరింట్లో అందరూ చేరేవారు. ఒకరు పులిహోర, ఒకరు గుత్తివంకాయ, ఒకరు పెరుగన్నం తెచ్చేవారు. మా ఇల్లు కాస్త పెద్దది కావడంతో చాలా శనివారాలు ఆ సందడంతా మా హాల్లోనే జరిగేది.

నా పదో పుట్టినరోజుకి కుక్కపిల్ల కావాలని అడిగాను. అమ్మ వద్దంది. పిల్లి అన్నాను, బొచ్చు రాలుతుందంది. చివరికి నాన్న ఒక మూడు కొమ్ముల ఊసరవెల్లిని తెచ్చాడు. అరవదు, కరవదు, బొచ్చు లేదు, ఇంకేం కావాలి అన్నాడు. దాన్ని చూసిన మరుక్షణం నాకు కుక్కపిల్ల సంగతే గుర్తులేదు. రెండు కళ్లూ రెండు వైపులకు తిప్పుకుంటూ, అడుగు వెయ్యనా వద్దా అని ఊగిసలాడుతూ, కొమ్మ మీద అంగుళం నడవడానికి అరనిమిషం తీసుకునేది.

దాని ఇల్లు కట్టడానికి నాన్నకూ నాకూ వారం పట్టింది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో గాజుతొట్టి పనికిరాదని, గాలి ఆడాలని రాసి ఉంది. నా ఎత్తు చెక్క చట్రం కొట్టి, చుట్టూ కిటికీలకు వేసే దోమల జాలీ బిగించాం. పైన వెచ్చదనానికి ఒక దీపం పెట్టాం. లోపల పెరట్లో కొట్టిన కొమ్మలు అడ్డంగా, ఐమూలగా కట్టాం. పచ్చని మొక్క కూడా ఉండాలంటే అమ్మ కరివేపాకు కుండీ అడిగాను. న్యూజెర్సీ చలిలో ఆ మొక్కను బతికించడానికి అమ్మ ఎంత అవస్థ పడేదో తెలిసి కూడా అడిగానంటే నాకెంత ధైర్యమో చూడండి. తిట్లు తిని, నర్సరీ నుంచి వేరే మొక్క తెచ్చుకున్నాను. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు, ఆకుల మీద చుక్కలైతేనే తాగుతుంది. అందుకని రోజుకు మూడుసార్లు ఆకులు తడిపేదాన్ని. తిండికి కీచురాళ్లు. వాటిని ఖాళీ ఊరగాయ సీసాలో దాచినందుకు అమ్మ చేత ఇంకో విడత తిట్లు తిన్నాను.

పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది. ఇది చూడవలసిన జీవి, ఎత్తుకోవలసినది కాదు అని. నేను ఆ మాట పాటించాను. రెండు వారాలకు అది నేను దగ్గరికి వెళ్లినా బెదరకుండా, లేత మామిడాకు రంగులో హాయిగా కూర్చునేది.

ఆ తర్వాత శనివారం వచ్చింది.

మా నాన్న చెడ్డవాడు కాదు. కానీ ఇంట్లో ఏది ఉన్నా నలుగురికీ చూపించాలి. కొత్త టీవీ చూపించాలి, కొత్త సోఫా చూపించాలి, నన్ను నిలబెట్టి పద్యాలు చెప్పించాలి. ఆ రోజు ఊసరవెల్లిని బయటికి తీశాడు. ఎవరో ఆంటీ, నా చీర మీద పెట్టండి, రంగు మారుతుందేమో చూద్దాం అంది. ఇంక చూడండి! ఎర్ర పట్టుచీర మీంచి పసుపుపచ్చ మీదికి, అక్కణ్ణుంచి నీలం కంచి చీర మీదికి. ఊసరవెల్లి రంగులు మారుస్తుందని పుట్టినప్పటి నుంచీ వింటున్నవాళ్లే అందరూ. చీరకు తగ్గ రంగులోకి మారుతుందని వాళ్ల నమ్మకం. అది మారింది. నల్లబడిపోయింది. నోరు తెరిచి బుస్సుమంది. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు ఏడుపొచ్చింది. భయపడితే అలా నల్లబడుతుందని చెప్పాను. "అబ్బో, డాక్టరమ్మా!" అని ఒక అంకుల్ నా బుగ్గ గిల్లాడు.

ఇలా మూడు శనివారాలు. నాలుగో వారానికి అది తిండి మానేసింది. కీచురాయి ముక్కు ముందు నడిచినా చూసేది కాదు. పట్టపగలు కళ్లు మూసుకుని కూర్చునేది. జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఆవిడ నాన్న ముఖంలోకి చూసి సూటిగా చెప్పింది. దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఇంకొక్కసారి ఇంత బెదిరితే బతకదు అని. నాన్న తలూపాడు. కార్లో వస్తూ, "వీళ్లు అన్నీ ఓవర్‌గా చెప్తారమ్మా" అన్నాడు.

మళ్లీ శనివారం. హాల్లో ఇరవై మంది. బుగ్గ గిల్లిన అంకులే ఎవరో కొత్తవాళ్లను వెంటబెట్టుకుని పంజరం దగ్గరికి వచ్చాడు, "ఈ షో మీరు చూడాలండీ" అంటూ. నేను పంజరం తలుపుకు అడ్డంగా నిలబడి గొంతు చించుకుని అరిచాను. ముట్టుకుంటే చచ్చిపోతుందని అరిచాను. నాన్న ముఖం ఎర్రబడింది. "గెస్టుల ముందు ఏంటే ఈ న్యూసెన్స్? పక్కకి జరుగు" అని నా జబ్బ పట్టి లాగాడు. డాక్టరు మాట పనిచెయ్యలేదు, నా ఏడుపు పనిచెయ్యలేదు. ఇరవై మంది పెద్దవాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, పోనీలెండి అనలేదు.

అంకుల్ చెయ్యి జాలీ తలుపు మీద పడింది.

"ఆగు నాయనా, ముట్టుకోకు. అది మడిలో ఉంది."

మా అమ్మమ్మ. తాతయ్య పోయాక ఆరునెలలు మాతో ఉండటానికి ఆ మధ్యే రాజమండ్రి నుంచి వచ్చింది. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఎవరూ తాకని చీర కట్టుకుని, వంటా నైవేద్యం అయ్యేదాకా ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. దాన్నే మడి అనేది. డ్రయ్యర్‌లో వేస్తే మైలపడుతుందని ఆ చీరకోసం బేస్‌మెంట్‌లో తాడు కట్టించుకుంది. పొద్దున లేవగానే వాటేసుకోబోతే దూరం దూరం అనేది. ఆ మడంటే నాకు మహా కోపం.

అంకుల్ చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. "అయ్యో, తెలీదు పిన్నిగారూ, సారీ" అన్నాడు. ఊసరవెల్లికి మడేమిటని ఎవరూ అడగలేదు. అమ్మమ్మ అంతటితో ఊరుకోలేదు. ఈ రోజు నుంచి నలభై రోజులు దీక్ష అంది. ఏ దేవుడికండీ అని ఒకావిడ భక్తిగా అడిగితే, "అది దానికీ దేవుడికీ మధ్య సంగతమ్మా, మనకెందుకు" అని పంజరం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. అందరూ తమ కుర్చీలు కూడా దూరంగా జరుపుకున్నారు. నాన్నతో సహా.

ఊసరవెల్లి తప్పించుకుందన్న సంతోషం కన్నా నాకు కోపమే ఎక్కువైంది. మర్నాడు అమ్మమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే అడిగేశాను. నేను నిజం చెబితే వినని వాళ్లు నీ అబద్ధం ఎందుకు విన్నారని.

"నిజం చెప్పావుగా, ఏమైంది?" అంది. కాసేపు కాయలు ఒలిచింది. తర్వాత తల ఎత్తకుండానే, కూర సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "నాకు పధ్నాలుగేళ్లకి పెళ్లయిందే. మీ తాతయ్యకి చెయ్యి దురుసు. వద్దండీ అంటే ఇంకో రెండు పడేవి. మడి కట్టుకుంటే మాత్రం ముట్టుకునేవారు కాదు. వంట మైలపడుతుందని భయం. ఆ రెండు మూడు గంటలే నాకు దెబ్బల్లేనివి. అందుకే వంట నెమ్మదిగా చేసేదాన్ని."

గోడ మీద పటంలో పూలదండ వేసుకున్న తాతయ్యను చూశాను. అంతవరకు నాకు ఆయనంటే ప్రాణం. లేచి వెళ్లి ఆ పటాన్ని గోడవైపు తిప్పేశాను. అమ్మమ్మ వద్దనలేదు.

ఆకులు తడిపే పని ఆ రోజునుంచి ఆవిడే తీసుకుంది. కీచురాళ్ల జోలికి మాత్రం వచ్చేది కాదు. తొమ్మిదో రోజున ఊసరవెల్లి కళ్లు తెరిచి ఆకు మీద చుక్క తాగింది. పన్నెండో రోజున నాలుక చాచి కీచురాయిని లాక్కుంది. అమ్మమ్మ తిరిగి వెళ్లిపోయాక కూడా అది నాలుగేళ్లు బతికింది. దీక్ష ఎప్పుడయిందని ఎవరూ అడగలేదు, మేము చెప్పలేదు.

ఇప్పుడు నాకు జుట్టంతా నెరిసింది. మొన్న ఐసెలిన్‌లో ఒక పేరంటంలో రెండేళ్ల పిల్లను సెల్ఫీల కోసం ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కుంటున్నారు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, వాళ్లు నవ్వుతున్నారు. నేను వెళ్లి పిల్లను తీసుకుని తల్లి ఒళ్లో పెట్టాను. దానికి ఇష్టం లేదు, ముట్టుకోకండి అని హాలంతా వినబడేలా చెప్పాను. వెనక నుంచి గయ్యాళిది అని ఎవరో అన్నారు. అననీ. పాపం మా అమ్మమ్మకు, ఒక్క వద్దు అనే మాట చెల్లడానికి, దేవుణ్ణి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. నేను ఎవరినీ అడ్డం పెట్టుకోను.