షిహాబ్ కార్డు మీద నేను రాసిన వాక్యం

మస్తాన్ చాచా వేలిముద్ర పైన ఆయన చెప్పని వాక్యం ఒకటి రాశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆయనకు కూడా నేను చెప్పలేదు, ఆయనే తెలుసుకున్నాడు.

1977లో, నా ఇరవై రెండో ఏట, ఒమాన్‌లోని సీబ్‌లో ఒక షేక్ గారి గుర్రపుశాలలో రికార్డు క్లర్కుగా చేరాను. మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య ఇప్పించిన పని. శాలలో పద్నాలుగు గుర్రాలు. వాటిలో షిహాబ్ ఒక్కటే థరోబ్రెడ్, అంటే పరుగు కోసమే తరతరాలుగా పెంచుతున్న జాతి. ఇంగ్లండులో గెలిచాక షేక్ గారు కొని తెప్పించారు. పందేలు చలికాలంలోనే జరిగేవి. నేను చేరేనాటికి మూడు చలికాలాల్లో అది ఒక్కసారే ఓడింది.

గుర్రాలను చూసుకునే సైసులకు పెద్ద, హెడ్ సైసు మస్తాన్ చాచాది కడప. మద్రాసు, బెంగళూరు పందెపు గుర్రాల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. రోజూ కసరత్తుకు ముందు ప్రతి గుర్రం కాళ్లనూ మోకాలి నుంచి గిట్ట దాకా అరచేత్తో తడిమేవాడు. కాలి వెనుక పెద్ద నరం దెబ్బతింటే అక్కడ వేడి పుడుతుంది. "దొరవి నాలుగు కాళ్లూ సల్లగుండాయి, రాస్కో పాపా" అనేవాడు. షిహాబ్‌ని ఆయన దొర అనేవాడు. ఆయనకు చదువు రాదు. నేను కార్డు మీద ఇంగ్లీషులో రాస్తే కింద బొటనవేలు వేసేవాడు. ఆ కార్డులను గుర్రాల డాక్టర్ ప్రతి శనివారం వచ్చి చూసేవారు.

మధ్యాహ్నం సైసులు భోంచేసి నిద్రపోయేవారు. ఆఫీసులో మగవాళ్ల మధ్య కూర్చుని తినలేక నేను డబ్బా, పుస్తకం పట్టుకుని షిహాబ్ గది ఎదుటి నీడలో కూర్చునేదాన్ని. ఆ ఏడాది డిసెంబరులో ఒక మధ్యాహ్నం అది ఎడమ ముందుకాలు చాపి, దాని మీద బరువు మోపకుండా నిలబడి కనిపించింది. డైరీలో రాసుకున్నాను. మర్నాడూ అంతే. ఆఫీసు అలమారలోని పశువైద్య గ్రంథం తీసి చూశాను. గుర్రం వెనుక కాలు సడలించి నిలబడటం మామూలే, ముందు కాలు సడలిస్తే నొప్పి ఉన్నట్టు అని ఉంది. పొద్దున మాత్రం కాళ్లు చల్లగానే ఉంటున్నాయి. ఏడాదిలోకెల్లా పెద్ద పందేనికి వారమే ఉంది. ఆ నరం పరుగులో తెగితే గుర్రం మళ్లీ లేవకపోవచ్చు.

అంత అనుభవం ఉన్న మనిషితో మీ చేతికి అందనిది నేను చూశానని ఎలా అనాలో తెలియలేదు. ఐదో రోజు శనివారం. ఆయన చెప్పిన మాట కింద, "నాలుగు రోజులుగా మధ్యాహ్నాలు ఎడమ ముందుకాలు చాపి నిలబడుతోంది" అని చేర్చి కార్డు ఆయన ముందు పెట్టాను. ఆయన వేలు వేశాడు.

డాక్టర్ చదివి, ఇది నువ్వే చెప్పావా అని హిందీలో అడిగారు. చాచా నా వైపు చూశాడు. నేను కార్డు వైపు చూస్తున్నాను.

"హా సాబ్, మైనేచ్ బోలా" అన్నాడు. అవును, నేనే చెప్పానని.

డాక్టర్ ఆ కాలు ఎత్తి పట్టుకుని నరం వెంట బొటనవేలితో నొక్కుతూ వచ్చారు. ఒకచోట షిహాబ్ కాలు లాగేసుకుంది. గట్టి నేల మీద నడిపిస్తే ఆ కాలు మోపినప్పుడల్లా నొప్పికి తల ఎగరేసింది. పందెం నుంచి తప్పించారు. ఆ నెలలోనే దాని పరుగు జీవితం ముగిసింది, సంతానం కోసం ఉంచుకున్నారు. నాలుగు రోజులుగా తెలిసి ఎందుకు ఊరుకున్నావని షేక్ గారు చాచాను హెడ్ పని నుంచి తీసేసి, ఈనిన గుర్రాల వైపు పంపారు. ఆ నాలుగు రోజులూ నావి.

ఆ సాయంత్రం పంపు దగ్గర ఆయనే పలకరించాడు. "ఏం పాపా, అది నేను కలలో చెప్పినానా?"

"మీ చేతిని తప్పు పట్టినట్టుంటుందని, చాచా..."

"చెయ్యి తప్పు పట్టలేదులే. ఏలు మాత్రం వాడుకుంటివి."

డాక్టర్‌కు నిజం చెప్పేస్తానన్నాను. కార్డు మీద అబద్ధం రాసినవాళ్లను ఒక్కరోజు కూడా ఉంచరని, దొర కాలు నిలిచింది చాలని ఆపేశాడు. నేను ఆగిపోయాను. ఆగిపోవడం నాకు తేలికగానే అనిపించిందని ఆ రోజు డైరీలో ఉంది.

తర్వాత హైదరాబాదులో ఒక పశువైద్య ప్రయోగశాలలో రికార్డుల పనిలోనే రిటైరయ్యాను. కొత్తగా చేరినవాళ్లకు మొదట ఒకటే నేర్పేదాన్ని: ఎవరు చూశారో వాళ్ల పేరే రాయాలి, చూసిన రోజే రాయాలి. ఎందుకో చెప్పలేదు.

1979లో సీబ్ వదిలిన రోజు చాచా దగ్గరికి వెళ్లాను. ఒక పిల్ల గుర్రం కాళ్లు తడుముతున్నాడు. షిహాబ్ పిల్లే. లేవకుండానే అన్నాడు:

"ఇంకమీద నువ్వు సూసింది నీ పేరుతోనే రాసుకో పాపా. నా ఏలు అరిగిపాయె."