సెక్టర్ సిక్స్‌లో 'అతని తల్లి'ని ఫ్రెంచిలో చెప్పడం

మా పెదనాన్న కూతురు అరుణ భిలాయిలోనే పుట్టి పెరిగింది. తను పాఠాలు చెప్పే బడి మూతపడ్డాక నా దగ్గర ఫోనులోనే రెండేళ్లు ఫ్రెంచి నేర్చుకుంది. రాయ్‌పూర్‌లో ఒక స్కూలువాళ్లు ఫ్రెంచి టీచరు ఉద్యోగానికి డెమో క్లాసుకు పిలిచారని, 'అతని', 'ఆమె' దగ్గర ఇంకా తప్పులు వస్తున్నాయని ఏడుస్తూ ఫోన్ చేసింది. మర్నాడు తెల్లవారుజామునే విశాఖలో రైలెక్కి, మధ్యాహ్నానికి దుర్గ్‌లో దిగాను. భిలాయి సెక్టర్ సిక్స్‌కి ఆటో రెండు వందలన్న డ్రైవరు, నా తెలుగు విని, "మాది టెక్కలమ్మా, నూటయాభై ఇయ్యండి" అని తనే తగ్గించాడు.

పెద్దమ్మ వంటింట్లో అన్నం వడ్డిస్తుండగానే పుస్తకం తెరిచాం. 'అతని తల్లి' అని రాయమంటే అరుణ మళ్లీ 'సోఁ మేర్' అని రాసింది, అతను మగవాడు కదా అని. ఫ్రెంచిలో చూడాల్సింది ఎవరిదని కాదు, ఏదని. తల్లి స్త్రీలింగం కాబట్టి 'సా మేర్'. తండ్రయితే, ఆమె తండ్రయినా సరే, 'సోఁ పేర్'. ఎన్నిసార్లు చెప్పాలని విసుక్కున్నాను. అరుణ కంచం పక్కకు జరిపేసింది.

అప్పుడే ఎవరో వచ్చి పక్క క్వార్టర్ రాజేష్ ఉన్నాడా అని హిందీలో అడిగారు. పెద్దమ్మ కిటికీలోంచే, "ఉస్కీ సైకిల్ తో యహీఁ హై" అంది, అతని సైకిలైతే ఇక్కడే ఉందని. అరుణ తలెత్తింది.

"అక్కా, రాజేష్ భయ్యా మగాడే. అయినా అమ్మ ఉస్కా అనలేదు, ఉస్కీ అంది. హిందీలో సైకిల్ స్త్రీలింగమనే కదా?"

"ఏటే, నాను తప్పు మాటాడేనా?" అంది పెద్దమ్మ.

"లేదమ్మా, పాఠం చెప్పేవు."

నాకు సిగ్గేసింది. హిందీలో ఆలోచించే పిల్లకు రెండేళ్లుగా తెలుగులోంచే నేర్పుతున్నాను.

మర్నాడు పొద్దున భిలాయి పవర్‌హౌస్ స్టేషన్‌లో ఏడున్నర లోకల్ ఎక్కాం. కుమ్హారి దాటేదాకా అరుణ బోగీలో కనబడిన ప్రతిదాన్నీ లోగొంతుకలో ఫ్రెంచిలో ఎవరో ఒకరికి అంటగడుతూనే ఉంది. బండి ఆలస్యమై, బడికి పరుగున చేరాం. నన్ను చివరి బెంచీలో కూర్చోనిచ్చారు. అరుణ 'ఉస్కా, ఉస్కీ'తో మొదలుపెట్టగానే పిల్లలు అందుకున్నారు. చివర్లో 'నా బడి'కి 'మా ఎకోల్' అని రాసేసింది. ఫ్రెంచి తెలిసిన ప్రిన్సిపాల్ కాగితం మీద ఏదో రాసుకున్నారు. అరుణ ఒక్క క్షణం బోర్డు వైపు చూసి, తుడిచి, 'మోన్ ఎకోల్' అని రాసింది. తను తప్పు రాశానని, ఎకోల్ స్త్రీలింగమే అయినా అచ్చుతో మొదలవుతుంది కాబట్టి, పలకడానికి వీలుగా 'మా' బదులు 'మోన్' అంటారని పిల్లలకు చెప్పింది. క్లాసయ్యాక ప్రిన్సిపాల్ తనను సోమవారం నుంచి రమ్మన్నారు.

నేర్పడమంటే నాకు తెలిసిన దారిలో రప్పించడమే అనుకునేదాన్ని. ఎదుటి మనిషి ఏ దారిలో నిలబడిందో ముందు చూడాలని ఆ వంటింట్లో తెలిసింది. మీకు రాయ్‌పూర్‌లో పొద్దున్నే పని ఉంటే ఏడున్నర లోకల్‌ను నమ్ముకోకండి, దాని ముందు బండి ఎక్కండి. అరుణ ఇప్పుడు రోజూ ఆ ముందు బండికే వెళ్తోంది.