గ్లెండా ఇంటి పిల్ల

వాగుడుకు మా వీధిలో గ్లెండా స్టేస్ పెట్టింది పేరు. బ్రైటన్‌లో ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు ముప్పై ఒక్క ఏళ్లుగా తన ఇంట్లో గదీ భోజనమూ ఇస్తోంది. పక్కింటిదాన్ని కనుక అందరినీ చూశాను. భోజనానికి కూర్చునే ముందు ఎవరి ఫోను వాళ్లు రొట్టెల డబ్బాలో పడేయాలి. ఉప్పు కావాలన్నా ఇంగ్లీషులోనే అడగాలి. బడిలో పాఠం వస్తుంది, మాట మాత్రం తన బల్ల దగ్గరే వస్తుందని ఆవిడ ధీమా. ఆ ఇంట్లో ఉన్నవాళ్లెవరూ ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష తప్పలేదు మరి.

ఆ ధీమాకు ఈమధ్యే ఆ ఇంట్లో దిగిన మీరిమ్ గండి కొట్టింది. కిర్గిజ్‌స్తాన్‌లో పదకొండేళ్లు నర్సుగా చేసిన మనిషి. ఇక్కడి ఆసుపత్రిలో చేరాలంటే ఆ పరీక్ష నెగ్గాలి. వేరే ఇంట్లో ఉన్నప్పుడు ఒకసారి తప్పింది. వచ్చే మంగళవారమూ తప్పితే ఇంటిముఖం పట్టాల్సిందే. రాయమంటే పేజీలకు పేజీలు రాస్తుంది. నోరు తెరిస్తే “థాంక్యూ” దగ్గరే ఆగిపోతుంది.

“నువ్వు సందిస్తేగా ఆ పిల్ల మాట్లాడేది!” అన్నాను గ్లెండాతో.

“చాల్లే హేజెల్! తను మాట్లాడట్లేదనేగా నేను వాగేది.” తర్వాత గొంతు తగ్గించింది. “ఈసారి పోతే మాత్రం ఆ తప్పు నాదేనే.”

ఆ శుక్రవారం సాయంత్రం చేపల వేపుడు కోసం ముగ్గురం సముద్రం ఒడ్డున దుకాణం ముందు క్యూలో నిలబడ్డాం. మా ముందు చేతికర్రతో ఒక ముసలావిడ ఉంది. ఖరీదైన కోటు వేసుకున్నాయన ఒకడు తిన్నగా వచ్చి ఆవిడ ముందు దూరాడు. అలాంటప్పుడు మా ఊరివాళ్లం ఏం చేస్తామో అదే చేశాం. గొంతులు సవరించుకున్నాం, వాడి వీపును గుర్రుగా చూశాం. అంతటి గ్లెండా కూడా “త్చ్” అని సముద్రం వైపు తిరిగింది.

మీరిమ్ ముందుకు నడిచింది.

“అయ్యా, ఈవిడ మీకంటే ముందొచ్చారు. నేను చూశాను.”

“ఒక్క పొట్లమేనమ్మా, ఎంతసేపు?” అని నవ్వాడు.

“ఆవిడదీ ఒక్క పొట్లమే. నేను నర్సుని. ఆవిడ కాళ్లు ఎలా వాచాయో చూడండి. ఎక్కువసేపు నిలబడకూడదు. మీరు వెనక్కి వెళ్లండి.”

వెళ్లాడు. అందరి వెనక్కీ వెళ్లాడు! మేం చప్పట్లు కొట్టే రకం కాదు కానీ, ముందున్నవాళ్లంతా జరిగి ముసలావిడకు దారిచ్చారు. నాకైతే ఒళ్లు పులకరించింది.

మీరిమ్ ముఖం కందిపోయింది. “తప్పు చేశానా?”

“చేశావు తల్లీ. ముందు సారీ చెప్పాలి,” అంది గ్లెండా, కళ్లు తుడుచుకుంటూ. “మేమైతే సారీ చెప్పి అక్కడే ఆగిపోతాం.”

ఇంటిదాకా మీరిమ్ తన వార్డు గురించీ అత్తగారి గురించీ చెబుతూనే ఉంది. గ్లెండా నోరు మూసుకుని వినడం నేను చూడటం అదే మొదలు.

మంగళవారం మీరిమ్ పరీక్ష నెగ్గింది. ఆ పండగకు మళ్లీ అదే దుకాణానికి వెళ్లాం. ఈసారి ఎవరో కుర్ర జంట మా ముందే దూరింది.

“సారీ అండీ...” అని ఆగిపోయింది గ్లెండా.

మీరిమ్ ఆవిడ వైపే చూస్తూ నిలబడింది.

“...మీరు వెనక్కి వెళ్లండి,” అంది గ్లెండా.