కథలాపూర్ రాజవ్వ చీటీ

మొన్న మా అమ్మాయి నాలుగు రోజులు ఇంటి నుంచే పని చేసుకుంటానని హైదరాబాదు నుంచి జగిత్యాల వచ్చి, నడింట్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. తనది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అంటే వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పని. నేను పక్కనే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, వినడం లేదన్నట్టు మొహం పెట్టి అంతా విన్నాను. ఫలానా చోట తప్పుంది, ఫలానాది ఇంకా చూడలేదు అని లాప్‌టాప్‌లో తనూ, తన ఆఫీసువాళ్ళూ చెప్పుకుని, చివరికి ఎల్లుండి జనం వాడకానికి వదిలేద్దాం అని నవ్వుకుంటూ ముగించారు. తప్పుందని తెలిసీ ఎట్లా వదుల్తారే అని అడగకుండా ఉండలేకపోయాను.

పాపం ఓపిగ్గానే చెప్పింది. ఇప్పుడు మనుషులు ఒక్కొక్క మీట నొక్కి చూసే కాలం కాదట, మనం పడుకుని లేచేలోగా యంత్రమే వేల రకాలుగా నొక్కి చూస్తుందట, ఏం నొక్కి చూడాలో రాసి పెట్టడానికి కూడా ఇప్పుడు ఇంకో యంత్రం వచ్చిందట. మా కాలంలో వేళ్ళు నొప్పి పుట్టేలా చేసిన పనంతా అది చిటికెలో చేస్తుంటే నేను మాత్రం ఎందుకు కాదంటాను! కానీ చివర్న ఒక మాట అంది. "ముందుగాల కొంతమందికి ఇచ్చి సూస్తమమ్మా, ఎవలన్న మొత్తుకుంటే గప్పుడు సరిజేస్తం" అంది. మరి మొత్తుకోవడం రానివాళ్ళ సంగతేమిటే అని నేనంటే, "మళ్ళ మొదలువెట్టినవా" అని నవ్వి టీ పెట్టడానికి లేచింది. నేనూ ఒకప్పుడు ఈ పనే చేశానని దానికి తెలుసు, కాకపోతే అది దానికి తమాషా ముచ్చట.

జగిత్యాల ఇంకా జిల్లా కాని రోజులవి. మా చిన్నాయన దుబాయిలో ఏదో పెద్ద దుకాణం గోదాములో ఏళ్ళ తరబడి పనిచేసి, అక్కడే సరుకు లెక్కల కోసం కంప్యూటరు నేర్చుకుని తిరిగొచ్చాడు. వచ్చిన రోజు ఆయన కూతురు తండ్రిని గుర్తుపట్టలేదు. చిన్నమ్మ కొంగు వెనక దాక్కుని, ఎవరో మామ అచ్చిండు అంది. అందరం నవ్వాం, ఆయనా నవ్వాడు గానీ, ఆ పూట అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. ఇంక చచ్చినా దుబాయి పోను, ఇక్కడే ఏదో ఒకటి చేసుకుని బతుకుతానని ఆ రోజే మా బాపు ముందు అన్నాడు.

ఆ ఏదో ఒకటి, పాత బస్టాండు దగ్గర ఒక దర్జీ దుకాణం మీద రెండు గదుల ఆఫీసు. దుకాణాలకు బిల్లులు, సరుకు లెక్కలు చూసే ప్రోగ్రాములు తయారు చేయడం. రాసేది మా బావ, అంటే మేనత్త కొడుకు, కరీంనగర్‌లో కంప్యూటరు చదువు చదివినవాడు. నేను డిగ్రీ అయిపోయి, పప్పులో ఉప్పు దగ్గర నుంచి పెళ్ళి పత్రికలో ముహూర్తం దాకా ప్రతిదానికీ వంక పెడుతూ ఇంట్లో అందరి చేతా తిట్లు తింటున్న రోజులు. తిట్టే నోరు, తిరిగే కాలు ఊరుకోవంటారు కదా, నాకు ఆ రెండూ ఉండేవి. చిన్నాయన మా బాపుతో, "ఊకె వంకలు వెడ్తది గదనే, గా వంకలకే జీతమిత్త, నా దగ్గరికి తోలు" అన్నాడు. అట్లా నేను టెస్టర్ని అయ్యాను. ఆ పేరు కూడా మాకప్పటికి తెలియదు, చెడగొట్టే పని అనేవాళ్ళం.

బావ రాసింది తెచ్చి నా ముందు పెట్టేవాడు, నేను చెడగొట్టేదాన్ని. కాకిపిల్ల కాకికి ముద్దు, వాడి ప్రోగ్రాములో తప్పుందంటే వాడి మొహం మాడిపోయేది, వాడు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. కానీ అసలు పరీక్ష ఆఫీసులో కాదు, దుకాణంలో జరగాలని చిన్నాయన పట్టుదల. సిరిసిల్లలో ఒక బట్టల దుకాణానికి మొదటిసారి పెట్టినప్పుడు, తప్పు నొక్కితే కంప్యూటరు కుయ్యిమని అరిచేటట్టు చేసి మురిసిపోయాం. తీరా అక్కడికి పోతే ఆ గోడకు ఆనుకునే సాంచాలు నడుస్తున్నాయి, ఆ మగ్గాల చప్పుడులో మనిషి మనిషి చెవిలో అరిచినా వినబడదు, కంప్యూటరు కూత ఎవరికి కావాలి! ఆ సాయంత్రం తిరుగు బస్సులో ముగ్గురం ఒకరినొకరు చూసుకుని నవ్వి నవ్వి, తెల్లారి దాన్ని ఎర్ర వెలుగుగా మార్చాం.

అట్లా చిన్నాచితకా దుకాణాలతో నెట్టుకొస్తుండగా కోరుట్లలో ఒక మందుల షావుకారు కబురు పెట్టాడు. ఆయనకు జగిత్యాలతో కలిపి మూడు ఊళ్ళలో దుకాణాలు ఉండేవి. ఆయన మాది తీసుకుంటే ఆఫీసు నిలబడుతుంది, చిన్నాయన ఇక్కడే ఉంటాడు. తీసుకోకపోతే ఏమవుతుందో ఇంట్లో ఎవరం పైకి అనేవాళ్ళం కాదు, కానీ చిన్నమ్మ ఆయన పాస్‌పోర్టును బీరువాలో చీరల అడుగున దాచేసిందని అందరికీ తెలుసు.

ఆ మందుల దుకాణం కోసం చిన్నాయన ఒక మంచి ఉపాయం ఆలోచించాడు. మా దిక్కు ముసలివాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ, ఎన్ని పూటలు మింగాలో గుర్తుగా కౌంటరు మీద వాళ్ళు పొట్లం మీద పెన్నుతో గీసిన గీతలు ఇంటికి పోయేసరికి చెరిగిపోతాయి. అందుకని బిల్లుతో పాటు ఒక చీటీ అచ్చయి వస్తుంది. దాని మీద మనిషి పేరు, ఊరు, మాత్ర పేరు, పొద్దుటికి ఎర్రటి సూర్యుడు, మధ్యాహ్నానికి నడినెత్తి సూర్యుడు, రాత్రికి నెలవంక. బొమ్మ చూసి మింగడమే. మా అమ్మకు చూపిస్తే, "గిది నాకు సుత సమజైతంది" అని దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. మాది కథలాపూర్, అమ్మ పేరు రాజవ్వ.

ఇక్కడే నా పాడు బుద్ధి మేలుకుంది. బావ ఎప్పుడూ ఏవో ఉత్తుత్తి పేర్లు పెట్టి పరీక్ష చేసేవాడు. నేను మా ఊళ్ళో నిజం మనుషుల పేర్లు పెట్టి చూద్దామని కూర్చున్నాను. వేములవాడ రాజన్న నీడలో ఉన్నవాళ్ళం, మొక్కి కన్న పిల్లలకు ఆయన పేరు పెట్టకుండా ఉంటామా! ఏ వాడకు పోయినా రాజయ్యలు, రాజేశాలు, రాజవ్వలు. కథలాపూర్ రాజవ్వలను నాకు గుర్తున్నంతవరకు ఎక్కించి, ఒకామెకు షుగరు మాత్రలు బిల్లు వేసి, చీటీ అచ్చయ్యేలోగా ప్లగ్గు పీకేశాను. కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియని రోజులు కాబట్టి అది నా రోజువారీ పరీక్ష. మళ్ళీ పెట్టేసరికి కంప్యూటరు బుద్ధిగా లేచి, పేరూ ఊరూ చూసుకుని, వరుసలో మొదట దొరికిన రాజవ్వ చీటీని అచ్చువేసింది. పొద్దున ఒక్క మాత్ర వేసుకోవలసినామె చేతికి మూడు పూటలా వేసుకోమనే చీటీ వచ్చింది. షుగరు మాత్ర అట్లా మింగితే ముసలి ప్రాణం ఏమవుతుందో తలుచుకుని, ఆ చీటీని తీసుకుపోయి బావ ముందూ చిన్నాయన ముందూ పెట్టాను.

అప్పటికి సాయంత్రమైంది. తెల్లారితే కోరుట్లలో షావుకారికి చూపించాలి. బావ తల పట్టుకున్నాడు. పైపైన అతుకు వేస్తే పోయేది కాదు, పునాది నుంచి విప్పి, మనిషిని పేరుతో కాకుండా నంబరుతో పట్టుకునేటట్టు కట్టాలి, దానికి వారాలు పడతాయి. "ఆయన దుకాణంల జనరేటర్ ఉన్నది, రేపు కరెంటు పోదు. సూపెట్టి అద్దాం మామా, ఎనుక సరిజేద్దాం, ఎవలకెరుక?" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, మా అందరికంటే ఎక్కువగా మేనమామ ఇక్కడే ఉండాలని కోరుకున్నవాడు. నిజానికి నేను కూడా చిన్నాయన సరే అంటే బాగుండునని లోలోపల అనుకున్నాను. ఆయన ఆ తప్పుడు చీటీని తిప్పి తిప్పి చూసి, "మనకెరుకైంది గదరా అల్లుడా" అన్నాడు.

తెల్లారి ముగ్గురం పోయాం. చిన్నాయన అంతా చూపించి, ఉన్న లోపం కూడా తానే విప్పి చెప్పి, కొంచెం గడువు అడిగాడు. షావుకారు కోపగించుకోలేదు, టీ తాగించి, పకపకా నవ్వాడు. "నా పెరుగు పుల్లగున్నదని అరుసుకుంట అమ్మేటోన్ని నిన్నే సూత్తున్ననయ్యా" అన్నాడు. హైదరాబాదు వాళ్ళది తయారుగా ఉందని, అందులోనూ చీటీ వస్తుందని, వాళ్ళు లోపం గీపం ఏమీ చెప్పలేదని, వాళ్ళదే తీసుకుంటున్నానని మర్యాదగా చెప్పి పంపించాడు. తిరుగు బస్సులో ఎవరం నవ్వలేదు.

ఆ తర్వాత ఆఫీసు ఎక్కువ కాలం నిలవలేదు. బావ హైదరాబాదు పోయాడు. నాకు పెళ్ళయి, కొన్నేళ్ళు కోరుట్లలో కాపురమున్నాం, అక్కడే ఒక సెంటరులో పిల్లలకు కంప్యూటరు నేర్పడానికి కుదిరాను. చిన్నమ్మ ఒకరోజు ఎవరూ అడగకుండానే చీరల అడుగు నుంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది. చిన్నాయన బయల్దేరే పొద్దున, అప్పటికి తండ్రి మెడ వదలకుండా తిరుగుతున్న ఆ పిల్ల, ఆయన చెప్పులు ఎత్తుకుపోయి బియ్యం డబ్బాలో దాచింది. ఆయన మా బాపు చెప్పులు వేసుకుని పోయాడు.

కొన్నేళ్ళకు మా అమ్మకు కూడా షుగరు వచ్చింది. ఆ షావుకారి దుకాణంలోనే మాత్రలు తెచ్చుకుని, దారిలో ఉందని మా ఇంటికి వచ్చింది. పాత అలవాటు కొద్దీ పొట్లం విప్పి చీటీ చూశాను. రాజవ్వ, కథలాపూర్. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. మా అమ్మకు డాక్టరు రాసింది పొద్దున ఒక్కటే. అడుగుదామని ఉరికితే కౌంటరు మీది మనిషి నా వంక విసుగ్గా చూసి, "కంప్యూటర్ల గట్లనే అత్తదక్కా అప్పుడప్పుడు, మేం దిద్దుతం" అని పెన్నుతో రెండు బొమ్మలు కొట్టేశాడు. ఏ తప్పు బయటపెట్టి మా ఆఫీసు మూసుకున్నామో, అదే తప్పు ఇంకొకరి యంత్రంలోంచి వచ్చి మా అమ్మ చేతిలోనే పడింది. ఆ రోజు నాకొచ్చిన కోపం షావుకారి మీదో, హైదరాబాదు వాళ్ళ మీదో, ఆ ప్లగ్గు పీకిన నా చేతి మీదో ఇప్పటికీ తెలియదు.

దుబాయిలో ఉన్న చిన్నాయనకు ఫోనులో చెప్పాను. ఆయన సంతోషిస్తాడని, చూశావా మనమే నిజమని అంటాడని అనుకున్నాను కాబోలు. "వదినె మింగలేదు గదా?" అని అడిగాడు. లేదు, నేను చూశానన్నాను. "మంచిగైంది. మిగిలిన రాజవ్వలయి ఎవలు సూత్తున్నరు బిడ్డా?" అన్నాడు. ఆయన తిరిగొచ్చేసరికి కూతురి పెళ్ళి కూడా అయిపోయింది, ఆ పెళ్ళిని ఆయన ఫోనులోనే చూశాడు. వచ్చాక ఎంతో కాలం బతకలేదు.

అమ్మాయిని హైదరాబాదు బస్సెక్కించి వస్తూ నిన్న నా బీపీ మాత్రల కోసం జగిత్యాలలో ఉన్న ఆ షావుకారి దుకాణం దగ్గర ఆగాను. నా పక్కన ఒక ముసలమ్మ పొట్లం అందుకుని కొంగున కట్టుకుంటోంది. ఉండబట్టలేక పేరడిగితే, రాజవ్వ, కథలాపూర్ అంది. చీటీ ఇప్పించుకుని కళ్ళజోడు పెట్టుకుని చదివాను. పేరు, ఊరు, పక్కనే ఫోను నంబరు, డాక్టరు రాసిన మాత్ర, పొద్దున ఒకటి. ఒకటికి రెండుసార్లు చదివాను. ఎప్పుడో ఎవరో మొత్తుకుని ఉంటారు, సరిచేసి ఉంటారు. ఏం జరిగాక మొత్తుకున్నారో తెలియదు.

"మంచిగున్నదా బిడ్డా?" అని ఆమె అడిగింది. మంచిగున్నదవ్వా, పొద్దున ఒకటే అని చీటీ తిరిగిచ్చాను. మీతో దాచడమెందుకు, ఆ చీటీలో తప్పు దొరకాలని నేను వెతికాను. దొరికితే, చిన్నాయన ఊరికే పోలేదని ఇంకొక్కసారి అనుకోవచ్చని. చీటీ సరిగ్గానే ఉంది. ఆమె కోసం సంతోషపడవలసింది పోయి, ఇంటి దాకా కళ్ళు తుడుచుకుంటూ నడిచాను.