నేను పిలిచి వెళ్లని బంతి

ఇది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. ఫుట్‌బాల్‌లో నేను గట్టి బ్యాక్‌నని, ఎవడెంత జోరుగా మీదికొచ్చినా బెదరనని జనం మెచ్చుకున్నప్పుడల్లా మాట మార్చేసేవాణ్ణి. ఆ పేరు నాది కాదు. ఇంకొకడి దగ్గర లాక్కున్నది. మీకు చెబుతాను.

నైజాం గొడవల్లో సైదులు తల్లిని తీసుకుని సరిహద్దు దాటి మా జగ్గయ్యపేట వచ్చాడు. పగలు కూలికి వెళ్లేవాడు, సాయంత్రం మాతో ఆడేవాడు. గోలు ముందు కాసే బ్యాకులం మేమిద్దరమే. బూట్లెక్కడివి? చీలమండలకు పాతచీర పీలికలు చుట్టుకుని దిగేవాళ్లం. మా మధ్య ఒక కట్టుబాటు ఉండేది. బంతి ఇద్దరి నడుమ పడితే, ముందుగా "నాది" అన్నవాడు వెళ్లాలి. రెండోవాడు మారుమాట లేకుండా వదిలెయ్యాలి.

నందిగామలో ఆట చూడటానికి బెజవాడ నుంచి ఒక మిల్లువాళ్లు వచ్చారు. వాళ్ల జట్టుకు ఒక బ్యాక్ కావాలి. ఎంపికైతే మిల్లులో ఉద్యోగం. సైదులుకు అది కూడు. నాకో? నాన్న పప్పుల కొట్టుంది. తక్కెడ ముందు కూర్చోవడం ఇష్టం లేదు, అంతే. ఆట సగమయ్యేసరికే వాళ్ల కళ్లు సైదులు మీద నిలిచాయి.

చివర్లో బంతి మా మధ్యకొచ్చింది, దాని వెనకే అవతలి జట్టువాడొకడు దూసుకొచ్చాడు. సైదులు కదిలాడు. "నాది" అన్నాను, అతనికి మాత్రమే వినబడేలా. అతను ఆగాడు. నేను వెళ్లలేదు. కాళ్లు వాటంతటవే ఆగిపోయాయని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నోరు తెరిచే ముందే నాకు తెలుసు. గోలు పడింది. బంతిని వదిలేసి నిలబడ్డ సైదులునే మైదానమంతా చూసింది.

తిరుగు బస్సులో మా గోల్‌కీపర్ ఊరుకోలేదు. "ఏరా సైదులూ, బంతికి దారిచ్చి దణ్ణం పెట్టావేందిరా? మీ చుట్టమా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బస్సు దిగాక సైదులు నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, నువ్వు పిలిచినవు గదా?"

"నేనా? లేదురా."

"మరి నేనెందుకు ఆగిన?"

"బెదిరుంటావు. వాడట్టా ఎద్దులా మీదికొస్తే ఎవడైనా బెదురుతాళ్లే."

నన్ను అనుమానించడం అతనికి చేతకాలేదు. తన్ను తానే అనుమానించుకున్నాడు.

ఉద్యోగం నాకొచ్చింది. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం ఆ జట్టుకు ఆడాను. సైదులు మళ్లీ మైదానంలోకి దిగలేదు. ఎవరైనా రమ్మంటే, "బెదిరేటోడు బ్యాక్ ఆడొద్దు" అనేవాడట. తుపాకులు పేలుతుంటే తల్లిని భుజాన వేసుకుని సరిహద్దు దాటినవాడు, నా ఒక్క మాటతో తనను పిరికివాడనుకున్నాడు.

చెప్పడానికి నాకు ఒక జీవితమంతా దొరికింది. ఊరెళ్లినప్పుడల్లా అతనుండే వీధి తప్పించి నడిచాను. కిందటేడు సైదులు పోయాడు. బతికుంటే మాత్రం చెప్పేవాణ్ణా? ఏమో. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఈ రెండు మాటలు నాతో పాటు పోకూడదు, అంతే.

పిలిచింది నేను. సైదులు బెదరలేదు.