నిండినయా, నడుస్తున్నయా

డిగ్రీ రెండో ఏడాదిలో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. చదువు బయోఇన్ఫర్మాటిక్స్. బయాలజీ ఒక బిల్డింగులో, కంప్యూటర్లు ఇంకో బిల్డింగులో, మధ్యలో క్యాంటీన్. మమ్మల్ని రెండుచోట్లా చుట్టాల్లాగే చూసేవారు. బయాలజీ ల్యాబులో వేసుకునే తెల్లకోటు విప్పడం మర్చిపోయి కంప్యూటర్ ల్యాబుకి వెళితే డాక్టరమ్మ వచ్చిందని నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

రాంగోపాల్‌పేటలో మా ఇంటికి ఎవరొచ్చినా ఏం చదువుతున్నావని అడిగేవారు. నేను నోరు తెరిచేలోపే నాన్న "కంప్యూటర్లే" అని తేల్చేసేవాడు. నిజంగానే అందులోకి మారిపొమ్మని ఆయన పోరు. సోమవారంలోగా చెబితే మారనిస్తామన్నారు కాలేజీవాళ్లు. నేనూ దాదాపు ఒప్పేసుకున్నాను, ఎందుకంటే నా ప్రాజెక్టు మొండికేసింది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. పొడవాటి డీఎన్‌ఏ అక్షరాల వరుసలోంచి ఒక జన్యువును ప్రోగ్రాముతో కత్తిరించి, మూడేసి అక్షరాల చొప్పున చదివించి, ప్రొటీన్ రాబట్టాలి. నాకేమో సగంలో తెగిపోయే చెత్త వచ్చేది. జన్యువు ఎన్నో అక్షరం దగ్గర మొదలవుతుందో చెబుతూ తానిచ్చిన అంకె సరైనదేనని, తప్పు ప్రోగ్రాములో ఉందని బయాలజీ మేడమ్ అన్నారు. ప్రోగ్రాము శుభ్రంగా ఉంది, మీ బయాలజీ సంగతి మీరే చూసుకోండన్నారు కంప్యూటర్ సార్. ఆ మెట్లూ ఈ మెట్లూ ఎక్కి దిగి ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున పక్కింటావిడ వచ్చి మాటల్లో నా వయసు అడిగింది.

"ఇరవై నడుస్తున్నయ్," అంది నానమ్మ.

"లేదత్తమ్మా, పంతొమ్మిదే నిండినయ్," అంది అమ్మ.

మా ఇంట్లో ఇది పాత పంచాయితీ. వయసు ఒక్కటే, నానమ్మ నడిచే ఏడాదిని లెక్కేస్తుంది, అమ్మ నిండినదాన్ని. తింటున్న ఉప్మా వదిలేసి లేచాను. మేడమ్ వాళ్లకు మొదటి అక్షరం ఒకటి. సున్నా నుంచి లెక్కపెట్టే నా ప్రోగ్రాముకి అదే అక్షరం సున్నా. ఆవిడ అంకెను ఉన్నదున్నట్టు ప్రోగ్రాముకి ఇచ్చేసరికి మొదటి అక్షరం జారిపోయి, తర్వాతి మూడేసి అక్షరాల గుంపులన్నీ చెడిపోయాయి. అంకెలోంచి ఒకటి తీసేసి నడిపించాను. ప్రొటీన్ మొత్తం వచ్చింది.

సోమవారం ఇద్దరికీ చూపించాను. సున్నా నుంచి ఎవరైనా లెక్కపెడతారా అని మేడమ్ ఆశ్చర్యపోయారు. ఒకటి నుంచి ఎందుకు మొదలుపెట్టాలని సార్ విసుక్కున్నారు. ఇద్దరి లెక్కా తెలిసిన నేను క్యాంటీన్ దగ్గర నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. లోపల కుదురు లేదు, కానీ భయమూ లేదు. అప్పుడే నాన్న ఫోన్ చేశాడు.

"ఏందీ, చెప్పినవా వాళ్లకు?"

"లే నాన్నా. మారను."

"మరి అడిగెటోళ్లకు నేనేం చెప్పాలె?"

"నువ్వు చెప్పకు. జెర నన్ను చెప్పనియ్యి."

ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు. తర్వాతి క్లాసుకి టైమైంది. తెల్లకోటు విప్పకుండానే కంప్యూటర్ ల్యాబుకి వెళ్లాను.